ఘాట్ రోడ్డు వెడల్పైతే దర్శనం తొందరగా అవుతుందా? టీవీ గేమింగ్, కొత్త హెచ్‌డీఎంఐ లెక్క

మొన్న ఆదివారం మా అక్క కొడుకు నన్ను తిరుపతి తిలక్ రోడ్డులో ఒక టీవీ షాపుకి లాక్కుపోయాడు. వాడిది ఇంజినీరింగ్ మూడో ఏడు. బైరాగిపట్టెడలో నలుగురు స్నేహితులు ఒక రూములో ఉంటారు. తలా కొంత వేసుకుని సెకండ్ హ్యాండ్‌లో ప్లేస్టేషన్ 5 కొన్నారు. ఇన్నాళ్లూ ఇంటి ఓనరు ఇచ్చిన పాత టీవీకే తగిలించి ఆడుకున్నారు, ఇప్పుడు సొంత టీవీ కావాలట. షాపు కుర్రాడు మమ్మల్ని ఒక 55 అంగుళాల టీవీ ముందు నిలబెట్టి, "ఇది 2.1 సార్, గేమింగ్‌కి సూపర్" అన్నాడు. దాని పక్కనే అదే సైజుది ఇంకోటి, పదిహేను వేలు తక్కువ. "అది మామూలుది సార్" అన్నాడు. 2.1 అంటే ఏందబ్బా అని అడిగితే, కాసేపు ఆలోచించి, "స్పీడ్ సార్" అన్నాడు.

మావాడు నా చెవి దగ్గరకొచ్చి, "మామా, 2.2 కూడా వచ్చిందంట. ఆగుదామా?" అన్నాడు.

షాపులో నిలబడి అదంతా చెప్పడం కుదరలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నా. ఆట మెషీన్‌ని (కన్సోల్‌ని) టీవీకి కలిపే కేబుల్, పోర్టుల పద్ధతి పేరు హెచ్‌డీఎంఐ. 2.1, 2.2 అనేవి దాని వెర్షన్ నంబర్లు. తిరుపతి వాళ్లకి చెప్పాలంటే కొండ కన్నా మంచి ఉదాహరణ దొరకదు. అలిపిరి నుంచి పైకి వెళ్లే ఘాట్ రోడ్డుని ఇప్పుడున్న దానికి రెండింతలు వెడల్పు చేశారనుకోండి. బస్సులు జాస్తిగా వెళ్తాయి, జనం జాస్తిగా చేరతారు. కానీ వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో కంపార్ట్‌మెంట్‌లో కూర్చునే టైము తగ్గుతుందా? తగ్గదు. రోడ్డు వెడల్పు ఒక లెక్క, క్యూలో ఆలస్యం ఇంకో లెక్క. హెచ్‌డీఎంఐ నంబరు పెరిగిందని చెప్పినప్పుడల్లా ముందు పెరిగేది రోడ్డు వెడల్పే. గేమ్ ఆడేవాడిని ఏడిపించేది మాత్రం ఎక్కువగా కంపార్ట్‌మెంట్.

ముందు ఆ రోడ్డు సంగతి చూద్దాం. 4కే బొమ్మంటే అడ్డంగా 3840, నిలువుగా 2160 చుక్కలు, మొత్తం దాదాపు 83 లక్షలు. ఒక్కో చుక్కకి ఎరుపు, ఆకుపచ్చ, నీలం. వెలుగునీడల తేడాని ఇంకా బాగా చూపించే హెచ్‌డీఆర్ బొమ్మలో ఒక్కో రంగుకి 10 బిట్లు, అంటే చుక్కకి 30 బిట్లు. ఈ మొత్తం కలిస్తే ఒక ఫ్రేము, దాన్ని సెకనుకి 60 సార్లు పంపాలి. ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య వదిలే ఖాళీతో కలిపితే సెకనుకి 17.8 గిగాబిట్లు దాటుతుంది. 2013లో వచ్చిన హెచ్‌డీఎంఐ 2.0 వేగం 18 గిగాబిట్లని రాసుంటుంది కాబట్టి సరిపోతుందని అనుకుంటాం. కానీ ప్రతి 8 బిట్లనీ 10 బిట్లుగా మార్చి పంపుతారు గనక అసలు సరుక్కి మిగిలేది 14.4 గిగాబిట్లే. అందుకే 2.0 పోర్టు మీద 4కే హెచ్‌డీఆర్ ఆట 60 ఫ్రేములతో నడిచేటప్పుడు కన్సోల్ రంగుల వివరాన్ని కొంత కుదించి పంపుతుంది. మన కన్ను వెలుతురులో తేడాని పట్టినంత బాగా రంగులో తేడాని పట్టదు కాబట్టి సోఫాలో కూర్చుని చూస్తే ఎవరికీ తెలియదు. ఎర్రటి సన్న అక్షరాల దగ్గర ముక్కు పెట్టి చూస్తే తెలుస్తుంది. గేమ్ ఆడేటప్పుడు అంత దగ్గరగా ఎవరు చూస్తారు?

4కేలో సెకనుకి 120 ఫ్రేములు కావాలంటే మాత్రం 2.0 చేతులెత్తేస్తుంది. ఆ పని కోసమే 2017 నవంబరులో హెచ్‌డీఎంఐ 2.1 వచ్చింది. కేబుల్లో పాతవే నాలుగు జతల తీగలు. ఇంతకుముందు మూడు జతలు బొమ్మని మోసేవి, నాలుగోది టైము తప్పకుండా లయగా తాళం కొడుతూ పక్కన నడిచేది. 2.1లో ఆ తాళం పని తీసేసి నాలుగింటి మీదా సరుకే ఎక్కించారు, ఒక్కోదాని వేగాన్నీ 6 నుంచి 12 గిగాబిట్లకి పెంచారు. మూడు ఆర్లు పద్దెనిమిది పోయి నాలుగు పన్నెండ్లు నలభై ఎనిమిది అయింది. 4కే, 120 హెర్ట్జ్ (అంటే సెకనుకి 120 సార్లు), 10 బిట్ల రంగు, ఏదీ కుదించకుండా పంపాలంటే దాదాపు 40 గిగాబిట్లు కావాలి. 48లో హాయిగా పడుతుంది.

ఇక్కడొక తమాషా ఉంది. ప్లేస్టేషన్ 5 బయటికి పంపేది 32 గిగాబిట్లే, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ పంపేది 40. అంటే 2020లో వచ్చిన ఈ రెండు కన్సోళ్లూ 48 గిగాబిట్ల రోడ్డుని కూడా పూర్తిగా వాడుకోవడం లేదు. 2.2 అంటున్నారే, దాని వెడల్పు 96 గిగాబిట్లు. దాని సంగతి తర్వాత చూద్దాం.

ఇప్పుడు కంపార్ట్‌మెంట్‌లోకి వద్దాం. అసలు విషయమంతా ఇక్కడే ఉంది.

మావాడి రూములో జాస్తిగా ఆడేది క్రికెట్. పాత టీవీలో వాడి బాధ ఏందంటే, బంతి కరెక్టుగా బ్యాటు దగ్గరికొచ్చిందని చూసి బటన్ నొక్కితే అప్పటికే బోల్డ్. "కంట్రోలర్ పోయినట్టుంది మామా" అని రెండు వారాలు దాన్నే తిట్టుకున్నాడు. లెక్క వేద్దాం. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి సెకనుకి దాదాపు 39 మీటర్లు పోతుంది. పిచ్ పడ్డాక వేగం తగ్గుతుంది గానీ ఈ లెక్కకి ఇది చాలు. గేమ్ మోడ్ లేకుండా, సినిమా చూసే సెట్టింగులో ఉన్న టీవీ ఒక ఫ్రేముని అందుకుని తెరమీద చూపించడానికి 100 మిల్లీసెకండ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే తీసుకుంటుంది. ఆ 100 మిల్లీసెకండ్లలో బంతి 3.9 మీటర్లు వచ్చేసి ఉంటుంది. అంటే మీకు తెరమీద బంతి ఇంకా నాలుగు మీటర్ల దూరంలో కనిపిస్తున్నప్పుడే కన్సోల్ లోపల అది వికెట్లని తాకేసింది. 22 గజాల పిచ్ మీద నాలుగు మీటర్లంటే మాటలా?

టీవీ ఆ టైములో చేసేది చాకిరే, పాపం. వచ్చిన బొమ్మలో మచ్చలు తుడుస్తుంది, అంచులు పదునుపెడుతుంది, రంగులు దిద్దుతుంది. వీటన్నిటికన్నా ఎక్కువ టైము తినేది ఫ్రేముల మధ్య కొత్త ఫ్రేముల్ని పుట్టించే పని. ఎంఈఎంసీ అనో ఇంకో అందమైన పేరుతోనో డబ్బా మీద గొప్పగా వేసుకునేది దీన్నే. మొదటి ఫ్రేముకీ రెండో ఫ్రేముకీ మధ్యలో ఒకటి గీయాలంటే రెండోది ముందు చేతికి రావాలి కదా. అది వచ్చేదాకా మొదటిదాన్ని పట్టుకుని కూర్చోవాల్సిందే. ఎంత ఖరీదైన చిప్ పెట్టినా ఈ ఆలస్యం తప్పదు, ఎందుకంటే రేపటి బంతిని ఇవాళ ఎవరూ చూడలేరు. సినిమాకైతే ఇబ్బంది లేదు, మాటని కూడా అంతే ఆలస్యం చేసి పెదాలకి కలుపుతుంది. ఆటకి మాత్రం ఇది శాపం.

గేమ్ మోడ్ వేస్తే ఈ పనులన్నీ పక్కకి పోతాయి. ఇప్పటి మంచి టీవీల్లో ఆలస్యం 10 మిల్లీసెకండ్ల దగ్గరికి దిగుతుంది. బంతి లెక్కలో నాలుగు మీటర్ల తేడా 40 సెంటీమీటర్లు అయిపోతుంది. దీనికి 2.1 అక్కర్లేదు, కొత్త కేబుల్ అక్కర్లేదు, రూపాయి ఖర్చు లేదు. రిమోట్ తీసుకుని పిక్చర్ సెట్టింగుల్లోకి పోతే చాలు. టీవీ గేమింగ్‌లో అన్నిటికన్నా పెద్ద లాభం ఉచితంగా వచ్చేది కావడంతో దాని గురించి ఏ షాపువాడూ చెప్పడు.

120 హెర్ట్జ్‌కి పోతే ఇంకా ఎంత తగ్గుతుంది? తెరమీద బొమ్మ పైనుంచి కిందికి వరుసవరుసగా వస్తుంది. 60 హెర్ట్జ్‌లో ఒక ఫ్రేము రావడానికి 16.7 మిల్లీసెకండ్లు పడుతుంది, తెర మధ్యకి చేరేసరికి 8 దాటుతుంది. 120 హెర్ట్జ్‌లో అది సగం. కాబట్టి 10 ఉన్న ఆలస్యం 5 చిల్లరకి వస్తుంది, బంతి లెక్కలో 20 సెంటీమీటర్లు. మంచిదే. కానీ మూడున్నర మీటర్లు తగ్గించిన గేమ్ మోడ్ ముందు ఈ 20 సెంటీమీటర్లు ఏపాటి? పోటీల్లో ఆడేవాళ్లకి అది పెద్దదే కావచ్చు. రాత్రి పదకొండింటికి పప్పుచారు అన్నం తిని కంట్రోలర్ పట్టుకునేవాళ్లకి మాత్రం మెదడే అంతకన్నా నిదానంగా ఉంటుంది.

ఇంకో ఆలస్యం కూడా ఉంది, దాన్ని టీవీ మీదికి నెట్టకూడదు. ఆట 30 ఫ్రేములతో నడిచేదైతే ఒక్కో ఫ్రేమే 33 మిల్లీసెకండ్లు. మీరు బటన్ నొక్కింది ఆటకి అర్థమై, బొమ్మగా మారి, బయటికి రావడానికి రెండు మూడు ఫ్రేములు పడుతుంది. అది కన్సోల్ లోపలి క్యూ. ప్రపంచంలో ఏ కేబులూ దాన్ని కదిలించలేదు.

అయితే 2.1తో పాటు వచ్చినవాటిలో టీవీ వైపు క్యూని ముట్టుకునే చిన్న పనిముట్టు ఒకటుంది, ఏఎల్‌ఎల్‌ఎం. "ఇప్పుడు ఆట మొదలైంది, గేమ్ మోడ్‌లోకి పో" అని కన్సోల్ టీవీకి చెబుతుంది, ఆట ఆపి సినిమా పెడితే మళ్లీ వెనక్కి రమ్మంటుంది. అంతే. దీనికి వెడల్పు రోడ్డు అక్కర్లేదు, ఒక సైగ చాలు. అందుకే 48 గిగాబిట్లు లేని మామూలు టీవీల్లో కూడా ఇది ఉంటోంది. చిన్నదే గానీ ఇంట్లో టీవీ అందరిదీ అయినప్పుడు దీని విలువ తెలుస్తుంది. మా ఇంట్లో అమ్మ సీరియల్ చూసి పోయాక నేను గేమ్ మోడ్ వేయడం, పొద్దున "రంగులన్నీ పాలిపోయినాయేందిరా" అని ఆమె కేకేయడం రోజూ జరిగే తంతు.

నన్నడిగితే 2.1 సంచిలో నిజంగా బంగారం లాంటిది వీఆర్‌ఆర్, అంటే తెర మారే వేగాన్ని ఆటకి తగ్గట్టు మార్చుకునే పద్ధతి. దీనికి మళ్లీ కొండకే పోవాలి, ఈసారి సప్తగిరి బస్సులకి.

మామూలు 60 హెర్ట్జ్ టీవీ అంటే సరిగ్గా 16.7 మిల్లీసెకండ్లకోసారి బయల్దేరే బస్సు. ఎవరు ఎక్కారో ఎక్కలేదో చూడదు. కన్సోల్ ఒక్కో ఫ్రేముని గీయడానికి పట్టే టైము మాత్రం ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఖాళీ మైదానమైతే 12 మిల్లీసెకండ్లలో అయిపోతుంది. పేలుళ్లు, పొగ, యాభైమంది జనం ఉన్న సీనైతే 18 పడుతుంది. ఆ 18 మిల్లీసెకండ్ల ఫ్రేము బస్సుని 1.3 మిల్లీసెకండ్ల తేడాతో మిస్సవుతుంది. ఇప్పుడు రెండే దారులు. ఒకటి, తర్వాతి బస్సు దాకా ఆగడం. అంటే పాత బొమ్మే రెండోసారి కనిపిస్తుంది, 18లో కావాల్సింది 33లో అవుతుంది, ఆట జర్కు కొట్టినట్టు ఉంటుంది. రెండోది, కుటుంబంలో సగంమంది ఎక్కగానే బస్సు కదిలిపోవడం. అప్పుడు తెర పైసగంలో పాత ఫ్రేము, కిందిసగంలో కొత్త ఫ్రేము పడి, మధ్యలో బొమ్మ చిరిగినట్టు గీత కనిపిస్తుంది. దాన్నే టేరింగ్ అంటారు.

వీఆర్‌ఆర్ వచ్చాక బస్సు టైము చూసుకోవడం మానేసి, జనం ఎక్కాక కదులుతుంది. మన జీపులవాళ్లు ఎప్పుడో కనిపెట్టిన పద్ధతే. ఫ్రేము 12లో వస్తే 12కి, 18లో వస్తే 18కి తెర మారుతుంది. ఆట సెకనుకి 52 ఫ్రేములకి పడిపోయినా కంటికి తేడా పెద్దగా తెలియదు. కన్సోల్ శక్తి పెరగలేదు, బొమ్మ నాణ్యత పెరగలేదు. అయినా ఆడేవాడికి ఆట నున్నగా మారినట్టు ఉంటుంది. పీసీ మానిటర్లకి ఇది 2013 నుంచే వేర్వేరు పేర్లతో వస్తోంది. ప్లేస్టేషన్ 5కి 2022 ఏప్రిల్లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌గా వచ్చింది. అంతకన్నా ముందే, 2018లో, ఎక్స్‌బాక్స్ వన్ ఎక్స్ లాంటి పాత మెషీన్లు 2.0 పోర్టు మీదే ఈ పద్ధతిని వాడాయి. అంటే దీనికి కూడా 48 గిగాబిట్లు తప్పనిసరి కాదు. ఒక నంబరు కింద కట్టిన మూటలో ఒకదానికొకటి సంబంధం లేని సరుకులు ఎన్ని ఉన్నాయో చూశారా?

ఎంతసేపైనా ఆగే బస్సు లేదు లెండి. ప్లేస్టేషన్ 5లో ఈ పద్ధతి సెకనుకి 48 నుంచి 120 ఫ్రేముల మధ్యే పనిచేస్తుంది. ఆట 48 కిందికి పడితే, ఆట చేసినవాళ్లు దానికి ముందుగా ఏర్పాటు చేసి ఉంటే తప్ప, పాత జర్కులు మళ్లీ వస్తాయి. ఓలెడ్ తెరల్లో, కొన్ని ఎల్‌సీడీల్లో కూడా ఫ్రేముల టైము గబగబా మారుతున్నప్పుడు చీకటి సీన్లలో వెలుతురు మినుకుమినుకుమంటుంది. తెర వెలుగుని ఒకే వేగానికి సరిచూసి పెట్టారు కాబట్టి వేగం మారినప్పుడల్లా అది కొంచెం తప్పుతుంది. గుహల్లో తిరిగే ఆటలాడేవాళ్లకి ఇది చిరాకు. క్రికెట్, ఫుట్‌బాల్ వాళ్లకి పట్టింపు ఉండదు.

120 హెర్ట్జ్ తెరకి ఇంకో లాభం ఉంది, దాన్ని ఎక్కువమంది పట్టించుకోరు. 30 ఫ్రేముల ఆట నత్తలా ఉంటుంది, 60 చేయాలంటే బొమ్మ నాణ్యత తగ్గించాలి. మధ్యలో 40 పెడదామంటే 60 హెర్ట్జ్ తెరమీద 40 సమంగా పడదు, ఒక ఫ్రేము ఒకసారి, ఇంకోటి రెండుసార్లు చూపించాల్సి వస్తుంది. 120 తెరమీద అయితే ప్రతి ఫ్రేమూ సరిగ్గా మూడుసార్లు. అందుకే ఇప్పుడు కొన్ని ఆటల్లో 40 ఫ్రేముల మోడ్ ఇస్తున్నారు. 30, 60ల నడుమ 40 అంటే దగ్గరగా 30 వైపే ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ టైము లెక్కలో 33.3కీ 16.7కీ సరిగ్గా మధ్యలో 25 మిల్లీసెకండ్లు ఉంది. అంకెలు ఇట్లాగే మోసం చేస్తాయి.

మరి ఇంత మంచి వస్తువైతే షాపు కుర్రాడు చెప్పిన 2.1 టీవీ కొనేయొచ్చు కదా? అక్కడే ఉంది మెలిక. నేను ఫోన్‌లో ఆ మోడల్ నంబరు కొట్టి కంపెనీ పేజీలో స్పెసిఫికేషన్లు వెతికాను. ప్యానెల్ (అంటే అసలు తెర): 60 హెర్ట్జ్. హెచ్‌డీఎంఐ 2.1: ఉంది, పక్కనే చిన్న అక్షరాల్లో ఏఎల్‌ఎల్‌ఎం, ఈఆర్క్ (సౌండ్‌బార్‌కి శబ్దం పంపేది). అంతే. వీఆర్‌ఆర్ లేదు, 4కే 120 లేదు. అబద్ధమేమీ రాయలేదు. నిబంధనలే అట్లా ఉన్నాయి. లైసెన్సు ఇచ్చే సంస్థ 2.0 అనే పేరుని విడిగా ఉంచకుండా 2.1లోనే కలిపేసింది, కొత్త సౌకర్యాలన్నిటినీ ఇష్టమైతే పెట్టుకోండని వదిలేసింది. ఏది ఉందో రాస్తే చాలు. 2021 చివర్లో ఒక మానిటర్ విషయంలో ఈ సంగతి బయటపడి గేమర్లు గోల చేశారు గానీ పద్ధతి మారలేదు. కాబట్టి టీవీ మీద 2.1 అని రాసుంటే అది "మా హోటల్లో అన్నీ దొరుకుతాయి" అన్న బోర్డు లాంటిది. లోపలికెళ్లి ఇడ్లీ ఉందా అని విడిగా అడగాల్సిందే. అడగాల్సిన మాటలు మూడే: ప్యానెల్ అసలు వేగమెంత, 4కే 120 తీసుకుంటుందా, వీఆర్‌ఆర్ ఉందా.

మొదటి ప్రశ్నకి జవాబు చెప్పించడమే కష్టం. షాపులో వరసగా కనిపించే 4కే టీవీల్లో చాలావాటి ప్యానెల్ 60 హెర్ట్జే. డబ్బా మీద మాత్రం ఎంఈఎంసీతో కలిపి 120 అనో, ఇంకేదో పేరుతో 200 అనో వేస్తారు. కొన్నిట్లో నిజంగానే 120 హెర్ట్జ్ సిగ్నల్ తీసుకుంటుంది, కానీ రెండేసి వరుసల్ని ఒకేసారి నడిపి, నిలువు స్పష్టతని సగం చేసి చూపిస్తుంది. 2020లో పేరున్న కంపెనీల్లోనే ఒక మోడల్ 4కే 120 తీసుకుని లోపల నిలువు వివరాన్ని సగం చేస్తోందని కొన్నవాళ్లు పట్టుకున్నారు. పోర్టు గుమ్మం లాంటిది, ఇల్లు మాత్రం ప్యానెలే. మనకి దగ్గర్లోనే వికృతమాలలో టీసీఎల్ వాళ్ల డిస్‌ప్లే ప్యానెళ్ల ఫ్యాక్టరీ ఉంది, తిరుపతిలోనే డిక్సన్ వాళ్లు ఇతర బ్రాండ్లకి టీవీలు తయారుచేసి ఇస్తున్నారు. అటు పక్క పనిచేసేవాళ్లు ఎవరైనా తెలిసుంటే అడగండి. పైకి కనిపించే బ్రాండ్ స్టిక్కర్ కన్నా లోపలి ప్యానెల్, మెయిన్ బోర్డు గురించే ఎక్కువ మాట్లాడతారు.

పోర్టుల లెక్క ఇంకో తలనొప్పి. టీవీ వెనకాల నాలుగు రంధ్రాలుంటే నాలుగూ ఒకటి కాదు. చాలా టీవీల్లో పూర్తి వేగం ఉన్నవి రెండే, ఆ రెండిట్లో ఒకటి ఈఆర్క్ పోర్టు, అంటే సౌండ్‌బార్ తగిలించాల్సింది. రెండు కన్సోళ్లు, ఒక సౌండ్‌బార్ ఉన్నవాడికి అప్పుడే లెక్క తప్పుతుంది. పైగా సరైన పోర్టులో పెట్టినా కొన్ని టీవీలు దాన్ని మామూలు వేగంలోనే ఉంచుతాయి. సెట్టింగుల్లోకి వెళ్లి హెచ్‌డీఎంఐ ఫార్మాట్‌ని ఎన్‌హాన్స్‌డ్‌కి మార్చాలి. పెద్ద ఆడియో రిసీవర్లు మధ్యలో పెట్టుకునేవాళ్లకి 2020లో ఇంకా పెద్ద దెబ్బ తగిలింది. అప్పుడొచ్చిన కొన్ని కంపెనీల 2.1 రిసీవర్లలో ఉన్న చిప్ లోపం వల్ల ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ 4కే 120 పంపితే తెర నల్లబడింది. కొత్త స్టాండర్డ్ వచ్చిన మొదటి ఏడాదిలో కొనేవాళ్లు కంపెనీకి జీతం లేని టెస్టర్లన్నమాట.

కేబుల్ విషయంలో నేనూ దెబ్బ తిన్నవాణ్ణే. టీవీ గోడకి, కన్సోల్ ఇంకో మూలకి ఉండటంతో "8కే" అని బంగారు అక్షరాలతో రాసున్న అయిదు మీటర్ల కేబుల్ కొన్నా. 120లో పెట్టగానే పది నిమిషాలకోసారి తెర రెండు సెకండ్లు నల్లగా అయ్యేది. టీవీ పోయిందనుకుని సర్వీసు వాళ్లని పిలిచి, నాలుగు రోజులు టెన్షన్ పడ్డా. వచ్చినతను టీవీ విప్పనేలేదు. సంచిలోంచి రెండు మీటర్ల కేబుల్ తీసి పెట్టాడు, అంతే, బాగైపోయింది. అతనికి ఇచ్చిన విజిట్ చార్జీతో అలాంటివి రెండు వచ్చేవి. 48 గిగాబిట్లకి కావాల్సింది అల్ట్రా హై స్పీడ్ అనే రకం. అసలైనదైతే ప్యాకెట్ మీద స్కాన్ చేసే క్యూఆర్ లేబుల్ ఉంటుంది, అధికారిక యాప్‌తో చూస్తే సర్టిఫికెట్ ఉందో లేదో చెబుతుంది. మామూలు రాగి తీగలదైతే మూడు మీటర్ల లోపే ఉంచుకోవడం మంచిది. ఇంకో మాట, సర్టిఫికెట్ ఉన్న ఆరేడు వందల కేబుల్ కన్నా ఆరు వేల కేబుల్‌లో రంగులు బాగుంటాయని ఎవరైనా చెబితే నవ్వి వచ్చేయండి. బిట్లు చేరతాయి, లేదా చేరవు. చేరకపోతే మెరుపులు, నల్ల తెర. మధ్యలో "కొంచెం మంచి రంగు" అనే మెట్టు లేదు. ప్లేస్టేషన్ 5 డబ్బాలోనే సరైన కేబుల్ వస్తుంది, మావాడికి సెకండ్ హ్యాండ్‌లో అమ్మినతను మాత్రం దాన్ని తన దగ్గరే ఉంచుకున్నాడు.

ఇప్పుడు 2.2. దీన్ని 2025 జనవరిలో ప్రకటించి, జూన్‌లో విడుదల చేశారు. 96 గిగాబిట్లు, దానికి అల్ట్రా96 అని కొత్త కేబుల్. 4కేని 240 హెర్ట్జ్‌తో, ఇంకా పైన 12కే, 16కే దాకా మాట్లాడుతున్నారు. 32, 40 గిగాబిట్లు పంపే కన్సోల్‌కి 96 రోడ్డేస్తే ఏం లాభం? స్కూటర్ మీద వెళ్లేవాడికి ఎనిమిది వరసల హైవే. పీసీలో ఖరీదైన గ్రాఫిక్స్ కార్డున్నవాళ్లకి ముందుముందు పనికొస్తుందేమో. దాంట్లో ఆలస్యానికి సంబంధించిన కొత్త సౌకర్యం కూడా ఒకటి పెట్టారు. పేరులో లేటెన్సీ (ఆలస్యం) అని ఉండటంతో చాలామంది దీనివల్ల ఆలస్యం తగ్గుతుందనుకుంటున్నారు. అది చేసేదేమిటంటే, మధ్యలో సౌండ్‌బారో రిసీవరో ఉన్నప్పుడు ఎక్కడెక్కడ ఎంత ఆలస్యమవుతోందో ఒకదానికొకటి చెప్పుకుని మాటనీ బొమ్మనీ కలపడం. కొండమీద "సర్వదర్శనానికి 18 గంటలు" అని బోర్డు పెడతారు చూడండి, అలాంటిది. బోర్డు ఉండటం మంచిదే, కానీ దానివల్ల క్యూ ఒక్క అడుగు కూడా ముందుకి జరగదు.

కొత్త మెషీన్లు కూడా ఈ నంబర్ల వెంట పరిగెత్తడం లేదు. 2025 జూన్‌లో వచ్చిన నింటెండో స్విచ్ 2ని టీవీకి తగిలిస్తే 4కే 60 దాకా ఇస్తుంది, వీఆర్‌ఆర్ మాత్రం చేతిలో పట్టుకుని ఆడేటప్పుడే. టీవీలో కూడా ఉంటుందని మొదట తప్పుగా రాసి, తర్వాత కంపెనీయే క్షమాపణ చెప్పింది. కన్సోల్ లేకుండా టీవీలోని యాప్‌తో క్లౌడ్ గేమింగ్ ఆడేవాళ్లకైతే హెచ్‌డీఎంఐ ఊసే లేదు, అక్కడ ఆలస్యమంతా ఇంటర్నెట్‌ది.

కాబట్టి డబ్బుంటే అసలైన 120 హెర్ట్జ్ ప్యానెల్, దాంతోపాటు వీఆర్‌ఆర్ ఉన్న టీవీకి పెట్టండి, ఆ ఖర్చుకి అర్థముంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కూడా. అంత లేదనుకుంటే 60 హెర్ట్జ్‌లో మంచిది చూసుకోండి. 60 ప్యానెల్‌కి 2.1 అనే బొట్టు పెట్టినందుకు పదిహేను వేలు ఇవ్వకండి. 2.2 కోసం ఆగడమంటే రైలు రాని స్టేషన్లో టికెట్ కొనుక్కుని కూర్చోవడమే.

మావాళ్లు ఆ "మామూలు" టీవీయే కొన్నారు. దాంట్లోనూ 60 హెర్ట్జ్ ప్యానెలే, ఏఎల్‌ఎల్‌ఎం కూడా ఉంది. మిగిలిన డబ్బులో రెండో కంట్రోలర్, ఒక లేబుల్ ఉన్న కేబుల్ వచ్చాయి. సాయంత్రం రూముకి పోయి టీవీ బిగించి, గేమ్ మోడ్‌లో పడిందో లేదో చూసి, ఓనరు వాళ్లావిడ ఇచ్చిన కాఫీ తాగి వచ్చేశా.

రాత్రి పదింటికి ఫోన్.

"మామా, ఇప్పుడింకో తలనొప్పి. నేను నొక్కేసరికి బంతి ఇంకా రానే లేదు. బ్యాటు ముందే ఊగిపోతోంది."

పాత టీవీలో నాలుగు మీటర్ల ముందు నొక్కడం వాడి వేళ్లకి అలవాటైపోయింది మరి. ఒక వారం ఆడమన్నా.